ఉగ్గుగిన్నెలో ఎర్రరాయి

ఎదురింటివాళ్లు మేడ కట్టుకోవడానికి తోలించిన గెడ్డ ఇసుక పొద్దుటి వానకి తడిసి, ఆ వాసన కిటికీలోంచి లోపలికి రాగానే, నేను లేచి వెళ్లి నా పాపాయి నోట్లో వేలు పెట్టి చూశాను. ఏమీ లేదు. ఉండదని తెలుసు.

నా చిన్నప్పుడు, రెండో ప్రపంచయుద్ధం రోజుల్లో, అనకాపల్లి పక్కన మా ఊరి గెడ్డ, అదే వాగు, చెరుకు నరికే కాలానికి సన్నని పాయలుగా చిక్కిపోతే, అడుగున దాగిన రాళ్లన్నీ బయటపడేవి. తేనెరంగువి, పాలతెలుపువి, ఎండకెదురుగా పట్టుకుంటే దానిమ్మగింజల్లా వెలిగే ఎర్రవి. గానుగల దగ్గర ఉడికే పాకం వాసన పీలుస్తూ, చీలమండ లోతు నీళ్లలో వంగి వాటిని ఏరి, పరికిణీ చెరగున మూట కట్టుకుని, నాన్న బెల్లం బండి పట్నం వెళ్లే రోజున నేనూ ఎక్కి, ఉంగరాలకి రాళ్లు సానపట్టే సాయిబు కొట్టు ముందు దిగేదాన్ని. ఆయన ఒక్కొక్కదాన్నీ నాలిక మీద పెట్టుకుని చల్లదనం చూసి పేరు చెప్పేవాడు.

నా ఎనిమిదో ఏట కందిగింజంత ఎర్రరాయి ఒకటి దొరికింది.

"కెంపు కాదు పాపా, తామడా. చవక రాయి. మీ గెడ్డ నిండా ఇయ్యే. కెంపే అయితే మీ నాన్న బెల్లం మానేసి నా పక్కన కొట్టెట్టీసేవోడు," అని నవ్వాడు సాయిబు.

నేను నమ్మలేదు. నిజమైన కెంపు పాలలో వేస్తే పాలు ఎర్రబారతాయని నాయనమ్మ చెప్పేది. అమ్మ ఉగ్గుగిన్నెలో పాలు పోసి, అయిదు నెలల తమ్ముడిని ఎత్తుకురావడానికి గదిలోకి వెళ్లగానే, రాయి అందులో వేశాను. రంగు తేలకముందే అమ్మ వచ్చేసింది. చెప్పబోయాను. దెబ్బలు గుర్తొచ్చి ఊరుకున్నాను.

మూడో గుక్కకి తమ్ముడికి ఊపిరాడలేదు. పెదవులు నేరేడుపండు రంగుకి తిరిగాయి. నాయనమ్మ వాడిని లాక్కుని, బోర్లా తిప్పి వీపు మీద చరిచింది. రాయి నేల మీద పడింది, ఆ తరువాత ఏడుపు వినిపించింది.

"ఏటే ఇది? గెడ్డ ఇసకతో తోమీసి, కడక్కుండా పాలు పోసీసేవా? కన్నతల్లివేనా నువ్వు?"

ఇంటింటా గిన్నెలు ఆ ఇసుకతోనే తోమేవారు.

"రెండుసార్లు కడిగేనత్తా," అంది అమ్మ. గిన్నె అడుగు వేలితో తడిమి, "సరిగ్గా కడగనేదేమో," అంది.

స్తంభం వెనక నిలబడి నేను వింటూనే ఉన్నాను.

తమ్ముడు ఇప్పుడు కాలేజీలో చదువుతున్నాడు. గెడ్డ ఇసుక బళ్లకెక్కిపోయి, రంగురాళ్లు కనబడడం లేదు. సాయిబు కొట్టు పోయి బట్టల దుకాణం వచ్చింది. నాయనమ్మా లేదు. పురిటి సాయానికి వచ్చిన అమ్మ పాపాయికి నీళ్లు పోస్తుంది, జోల పాడుతుంది. పాలు మాత్రం పట్టదు. మరిగించిన సీసాని మళ్లీ మూడుసార్లు కడిగి నాకు అందిస్తుంది.

ఈ పూట, "నువ్వే పట్టమ్మా," అన్నాను.

"వద్దులేవే. నా సెయ్యి మంచిది కాదు."

"అమ్మా, ఆ రాయి..."

"ఇంకా గుర్తుందేటే నీకు? మరిసిపో. సిన్నపిల్లవి, ఆ రోజు శానా బెదిరిపోయేవు," అంటూ అమ్మ నా తల నిమిరింది.

నేను తల వంచుకుని పాలు పట్టాను.