పడవ నిండా పచ్చడి

ఉదయం ఆరున్నరకు, గురజాల వైపు కృష్ణ ఒడ్డున ఉన్న ఆ ఊళ్ళో పడవ దిగాం. వాన వెలిసింది. మోకాలి లోతు బురద. నలుగురు జవాన్లం, ఒక జనరేటర్, ఒక వైర్‌లెస్ సెట్. వరదకు ఊరంతా బడి మేడ మీదికి చేరింది. హవల్దారుని నేను. మాది ఈ పల్నాడులోనే రొంపిచెర్ల కాబట్టి జనంతో మాట్లాడే పని నాకే పడింది.

మూలగదిలో తొమ్మిది రోజుల బాలింత. పసిబిడ్డకు ఒళ్ళంతా పొక్కులు. పడవలో వచ్చే నీళ్ళ ప్యాకెట్లు తాగడానికే సరిపోవు.

"బిడ్డకు వరద నీళ్ళు పోస్తే పుండ్లు పడతయ్యి నాయనా. మంచినీళ్ళు రెండు బిందెలు ఇప్పియ్యి," అంది బాలింత తల్లి.

మా బాబాయికి ఫోన్ చేశాను. "మనోళ్ళకు చెప్పి ఏదో ఒకటి పంపించు," అన్నాను. తప్పు అక్కడే చేశాను. పల్నాడు వాళ్ళను ఏదో ఒకటి పంపమంటే ఏం పంపుతారు? మర్నాడు పదింటికి గోంగూర పచ్చడి, పండుమిరప పచ్చడి, కారప్పొడి దిగాయి. ఇంటింటా ఆడవాళ్ళు ప్రేమగా కలిపినవి. పడవ వాటితోనే నిండిపోయి, నీళ్ళ ప్యాకెట్లు వరదకు అవతల గట్టునే ఆగిపోయాయి. పిల్లలు అన్నంలో కలుపుకుని, నోరు మండి నీళ్ళకోసం ఏడ్చారు. నాకు తల కొట్టేసినట్టయింది.

ఊళ్ళో మోటార్లు బాగుచేసే మస్తాన్ భాయ్ పక్కన కూర్చున్నాడు.

"పచ్చడి చానా బాగుందిలే సారూ. ఈ బడి బోరు స్టార్టరు మునిగి కాలిపోయింది. గొట్టం ఎత్తులో ఉంది, వరద లోపలికి పోలా. స్టార్టరు తెప్పిస్తే నీ జనరేటర్‌తో నీళ్ళు తోడతా."

"నిన్ననే చెప్పొచ్చుగా భాయ్?"

"నువ్వు అడిగితేగా!"

సెట్లో కెప్టెన్ గారి గొంతు. "రేపు పడవ ఒక్క ట్రిప్పే. ఏం కావాలో తేల్చి చెప్పు."

"నీళ్ళ ప్యాకెట్లు, బోరు స్టార్టరు సార్. స్టార్టరు మా బాబాయి ఒడ్డుకు తెస్తాడు."

మళ్ళీ బాబాయికి చేశాను. "నరసరావుపేటలో ఐదు హెచ్‌పీ స్టార్టరు ఒకటి, కేబుల్ ముప్పై మీటర్లు. ఇంకేం వద్దు."

"అదేందిరా, పచ్చడి నచ్చలా?"

"నచ్చింది బాబాయ్. ముందు ఇది రాసుకో."

మూడో రోజు మధ్యాహ్నం రెండింటికి మోటారు తిరిగింది. మొదట ఎర్రనీళ్ళు. పావుగంటకు తేటపడ్డాయి. బిందెలతో వచ్చిన ఆడవాళ్ళు ఎవరూ ముందుకు రాలేదు. "ముందు బాలింతకి," అని పక్కకు జరిగారు. మా స్టవ్ మీదే నీళ్ళు కాచాం.

పదకొండో రోజు వెనక్కి వచ్చాం. తర్వాత రిటైరయ్యాను. ఎక్కడ వరదొచ్చినా మా వీధి వాళ్ళు ఏం పంపాలని నన్నే అడుగుతారు. అక్కడివాళ్ళను అడగండి అంటాను. పొగరనుకుంటారు, అనుకోనీ.

ఆ మధ్యాహ్నం మాత్రం కళ్ళ ముందు నుంచి పోదు. అమ్మమ్మ కాళ్ళు బారజాపుకుని, బిడ్డను వాటి మీద బోర్లా పడుకోబెట్టి, గోరువెచ్చటి నీళ్ళు పోస్తోంది. మూడో చెంబుకు ఏడుపు ఆగింది. నాలుగో చెంబుకు బిడ్డ నిద్రపోయింది.