రెండు లిఫ్టులూ ఒకేసారి ఎందుకు వస్తాయి

మా మనవరాలి మొగుడు లిఫ్టు మెకానిక్కు. పద్నాలుగేళ్ల అనుభవం. తలుపు మీద అరచెయ్యి ఆనిస్తే చాలు, పైన మోటారు గదిలో ఏ బేరింగు అరిగిందో చెప్పేస్తాడు. అలాంటి చెయ్యి నాకుంటే బంగారు తొడుగు చేయించుకుని ఊరేగేవాణ్ని. అతగాడికి మాత్రం అదంటే సిగ్గు. ఏం చేస్తుంటారని ఎవరైనా అడిగితే "ఇంజినీరింగ్ సైడు" అని గొణిగి పక్కకి తప్పుకుంటాడు.

ముప్పై ఆరో ఏట ఈ మహానుభావుడికి క్వాంటిటేటివ్ ఫైనాన్స్ పిచ్చి పట్టుకుంది. షేర్ల ధరలు ఎటు పోతాయో గణితంతో లెక్కకట్టే పెద్ద చదువట. సీటు కావాలంటే ఇంటర్వ్యూలో నెగ్గాలి. సరిగ్గా అప్పుడే, నర్సుగా చేస్తున్న నా మనవరాలికి ఆపరేషన్ థియేటర్ శిక్షణకు పిలుపొచ్చింది. వేరే ఊళ్లో, ఏడాది పాటు. ఇద్దరూ పని వదిలేస్తే ఇల్లు గడవదు.

"ఈ ఒక్కసారికీ నువ్వు ఆగు. నాకు రాకపోతే నువ్వు వెళ్లు," అన్నాడు.

పిచ్చిది, ఆగింది. ఆమె చోటు నాలుగు నెలలు అట్టేపెడతామని ఆస్పత్రివాళ్లు ఒప్పుకున్నారు.

ఆ నాలుగు నెలలూ ఇంట్లో సంభావ్యత తప్ప వేరే మాట లేదు. ఒకరోజు పాలు చూస్తుండమని అమ్మాయి చెప్పి వెళ్తే, అవి పొంగే అవకాశం ఎంతో కాగితం మీద తేల్చడం మొదలుపెట్టాడు. తేలేలోపు పాలు పొంగి, గది దాటి, మూడంతస్తుల మెట్లు దిగి, వాచ్‌మన్ చెప్పులు తడిపాయి. అబద్ధమైతే వాచ్‌మన్‌ని అడగండి.

దీనికి తోడు ఒక కోచింగ్ మాస్టారు దొరికాడు. పాత ఇంటర్వ్యూ ప్రశ్నలు మూడొందలు కట్టకట్టి ఇచ్చి, అర్థం చేసుకోనక్కర్లేదు, బట్టీ పట్టమన్నాడు. పైగా, "మెకానిక్కునని పొరపాటున కూడా నోరు జారకండి సార్, గ్రీజు వాసనేస్తుంది," అని ఉపదేశం. ఆ పెద్దమనిషి రోజూ తొమ్మిదో అంతస్తులో ఉన్న తన ఆఫీసుకి మెట్లెక్కి వెళ్తాడో, మరెలా వెళ్తాడో నాకు తెలియదు.

ఇంటర్వ్యూ వీడియోలో. నా గదిలో వెలుతురు బాగుంటుందని అక్కడే కూర్చున్నాడు. కెమెరాకి అందకుండా నన్ను బీరువా పక్కకి నెట్టాడు. తెర మీద తెల్లజుట్టు ప్రొఫెసరమ్మ.

"ఒక భవనంలో రెండు లిఫ్టులున్నాయి. ఒక్కొక్కటీ పైకెళ్లి కిందికి రావడానికి ఆరు నిమిషాలు..."

"సగటున రెండు నిమిషాలు ఆగాలండీ!" ప్రశ్న పూర్తి కాకుండానే అందుకున్నాడు.

ఆమె నవ్వింది. "అది పుస్తకం మాట బాబూ. మా భవనంలో నేను ఆరు నిమిషాలూ నిలబడతాను. తీరా చూస్తే రెండూ ఒకేసారి దిగుతాయి. ఎందుకంటారు?"

నా ప్రాణం లేచొచ్చింది. ఇది అపార్ట్‌మెంటు సెక్రటరీలు అతన్ని రోజూ అడిగే ప్రశ్నే. అతగాడు మాత్రం బట్టీ పట్టిన ఆ మూడొందల్లో జవాబు వెతుక్కుంటున్నాడు. ఆగలేకపోయాను.

"చెప్పవోయ్! వారానికి పదిమందికి చెప్తావుగా!"

"ఎవరండీ అది?"

"మా ఆవిడ తాతగారండీ. పెద్దాయన. అప్పుడప్పుడూ ఇలా..." అంటూ కణత దగ్గర వేలు తిప్పాడు.

కాన్వెంటులో సిస్టర్లు నా వేళ్ల మీద స్కేళ్లు విరగ్గొట్టారు గానీ, నా బుర్రని ఎవరూ శంకించలేదు.

ప్రొఫెసరమ్మ వదల్లేదు. "పదిమందికి ఏం చెప్తారు మీరు?"

"ఏం లేదండీ. రెండు లిఫ్టులకీ ఒకదానితో ఒకదానికి సంబంధం లేదనుకుంటే, రెండు నిమిషాలే."

"అనుకుంటే," అని ఆమె ఏదో రాసుకుంది.

ఎనిమిదో రోజున సీటు లేదని ఉత్తరం వచ్చింది. ఆస్పత్రి గడువుకి ఇంకా వారం ఉంది.

"మీ తాతయ్య వల్లే," అన్నాడు పెళ్లాంతో.

డ్యూటీ నుంచి వచ్చిన పిల్ల ఇంకా బూట్లైనా విప్పలేదు. జరిగింది నా దగ్గర విని అతని వైపు తిరిగింది. "ఎందుకొస్తాయండీ ఒకేసారి?"

"ముందు లిఫ్టు ప్రతి అంతస్తులోనూ ఆగి జనాన్ని ఎక్కించుకుంటూ ఆలస్యమైపోతుంది. వెనకదానికి ఎక్కేవాళ్లు మిగలరు. ఖాళీగా పరిగెత్తి దాన్ని అందుకుంటుంది. ఇందులో ఏముంది?"

"మరి ఆవిడతో చెప్పలేదేం?"

"చెబితే నేనేం పని చేస్తానో తెలిసిపోదూ?"

అమ్మాయి ఒక్క క్షణం అతన్ని పరాయివాణ్ని చూసినట్టు చూసింది. నిలబడే ఆస్పత్రికి ఫోన్ చేసింది. "సోమవారం చేరతానండీ," అంది.

"వచ్చే ఏడు మళ్లీ సీటుకి అప్లికేషను రాద్దామనుకుంటున్నాను. ఇంకొక్కసారి..."

"రాసుకోండి," అని అటక మీంచి పెట్టె కిందికి దించింది.

ఇప్పుడు ఇంట్లో మేమిద్దరమే. అతగాడు నాతో మాట్లాడడం మానేశాడు. నేను వండింది తినడం మాత్రం మానలేదు.