డబ్బాలో పడని పేరు

2023 ఏప్రిల్. బాపట్లలో మా చర్చి నడిపే ప్రాథమిక పాఠశాలకు నేను హెడ్మిస్ట్రెస్‌గా వచ్చి అప్పటికి పదకొండేళ్లు. ఎండలు ముదిరేసరికి మా ఆఫీసు వరండాలో తల్లిదండ్రులు బారులు తీరతారు. ఆ రోజుల్లో నేను టీచర్ని కాను, నలభై సీట్లకు కాపలాదారుని.

చర్చి బడిలో సీటంటే పాస్టరు గారి సిఫారసు అని చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు. ఒకటో తరగతిలో మాకు నలభై మందికే చోటు. గది అంతే, టీచరూ ఒక్కరే. మొదట మా సంఘ సభ్యుల పిల్లలు. వాళ్లు సభ్యత్వ పత్రం తేవాలి. అంటే ఈ కుటుంబం మా సంఘంలో ఉందని పాస్టరు గారు సంతకం చేసిన కాగితం. తర్వాత, ఇప్పటికే మా బడిలో అన్నో అక్కో చదువుతున్న పిల్లలు. ఆ తర్వాత మా వార్డులో ఉండేవాళ్లు. ఇంకా మిగిలిన సీట్లకు మతంతో, పేటతో పని లేకుండా లాటరీ తీస్తాం. ఒక స్టీలు డబ్బాలో పేర్ల చీటీలు వేసి, ఐదో తరగతి పిల్లల చేత తీయిస్తాం. ఆ ఏడు లాటరీకి మిగిలినవి మూడు సీట్లు. మా లెక్క ప్రకారం దరఖాస్తులు ఇరవై రెండు.

మే నెల రెండో శనివారం అందరి ఎదుటా చీటీలు తీశాం. ముగ్గురికి సీట్లు, ఐదుగురికి వెయిటింగ్ లిస్ట్. అంటే ఎవరైనా చేరకపోతే వరుస ప్రకారం వీళ్లను పిలుస్తాం. మిగతావాళ్లు పిల్లల చేతులు పట్టుకుని వెళ్లిపోయారు. ప్రతి ఏడూ చూసే దృశ్యమే. ఆ సాయంత్రం లిస్టు బోర్డుకి అంటించి, ఈ ఏటికి గట్టెక్కాం అనుకున్నాను.

పది రోజుల తర్వాత, జూన్ టైంటేబుల్ రాద్దామని నా డైరీ తెరిచాను. మధ్యలో మడత పెట్టిన దరఖాస్తు ఒకటి కనిపించింది. మూలన గుండుసూదితో గుచ్చిన ఫొటో. రెండు జడలు, నవ్వాలా వద్దా అని ఆలోచిస్తున్న మొహం. పేరు హర్షిత. తల్లి మల్లేశ్వరి, వేటపాలెంలో జీడిపప్పు ఫ్యాక్టరీలో పని.

అంతా గుర్తొచ్చింది. ఏప్రిల్లో ఒక మధ్యాహ్నం మా క్లర్కు భోజనానికి వెళ్లిన వేళ ఆమె పరుగున వచ్చింది. "రైలు టైమైపోతుందండి, ఇంకోసారి రావాలంటే మళ్లీ ఒక పూట సెలవు పెట్టాలండి" అంది. "ఇలా ఇవ్వండమ్మా, నేను ఎక్కిస్తాలే" అని తీసుకున్నాను. రిజిస్టర్లో ఎక్కించలేదు. నంబరు ఇవ్వలేదు. చీటీ రాయలేదు. లాటరీ రోజు ఆమె వెనక గోడ దగ్గర నిలబడి చివరిదాకా చూసింది. డబ్బాలో తన కూతురి పేరు లేనే లేదని ఆమెకు తెలియదు.

ఫారంలో ఉన్న నంబరుకి ఫోన్ చేస్తే స్విచాఫ్. అదే సాయంత్రం పాస్టరు గారినీ, సంఘ పెద్ద ప్రకాశరావు గారినీ పిలిచి ఆ కాగితం బల్లమీద పెట్టాను. మేం ముగ్గురమే అడ్మిషన్ కమిటీ. ప్రకాశరావు గారు రైల్వేలో పనిచేసి రిటైరైన మనిషి, ముక్కుసూటిగా మాట్లాడతారు.

"ఆవిడకి తెలీదు కదా టీచర్ గారూ," అన్నారాయన. "ఇప్పుడు మనం నోరు విప్పితే ఇరవై రెండు కుటుంబాలూ వచ్చి మళ్లీ తీయమంటాయి. సీటు వచ్చినవాళ్ల నోటి దగ్గర కూడు లాక్కున్నట్టవుతుంది."

ఆయన మాటలో న్యాయం లేకపోలేదు. ఆ మాట విని నా మనసు ఒక్క క్షణం తేలికపడింది కూడా. ఆ క్షణాన్ని తలచుకుంటే ఇప్పటికీ సిగ్గుగా ఉంటుంది.

పాస్టరు గారు మెత్తని మనిషి. "నలభై ఒకటో కుర్చీ వేసి చేర్చేసుకుందాం. ఎవరికీ ఏమీ చెప్పక్కర్లేదు" అన్నారు.

"వెయిటింగ్ లిస్టులో మొదట ఉన్నాయన అడిగితే ఏం చెప్తామండి?" అన్నాను. "నా తప్పు కప్పిపుచ్చుకోడానికి ఇంకొకళ్ల వరుస దాటించినట్టవుతుంది కదండీ."

చివరికి దారి చూపించింది ప్రకాశరావు గారే. కళ్లజోడు తీసి తుడుచుకుంటూ, "ఆ రోజు చీటీ వేసి ఉంటే ఆ పిల్లకి ఎంత అవకాశం ఉండేది? ఇరవై మూడింట్లో మూడు. ఆ అవకాశమే మనం పోగొట్టాం. అదే తిరిగిద్దాం" అన్నారు. ఇరవై మూడు చీటీలు. మూడింటి మీద 'సీటు' అని, ఐదింటి మీద వెయిటింగ్ నంబర్లు, మిగతావి ఖాళీ. తల్లి ఒకటి తీస్తుంది. 'సీటు' అని వస్తే నలభై ఒకటో కుర్చీ వేస్తాం. నంబరు వస్తే అప్పటికే ఆ నంబరున్న వాళ్ల వెనక ఆ పిల్ల నిలబడుతుంది. ఏమీ రాకపోతే ఏమీ లేదు. ముందు సీటు వచ్చిన ఎవరి సీటూ కదలదు.

మర్నాడు ఉదయం రైల్వే గేటు అవతల మల్లేశ్వరి ఇంటికి వెళ్లాను. తలుపుకి తాళం. పక్కింటావిడ చెప్పింది, "పాపని రేపల్లెలో అమ్మమ్మ దగ్గర వదలడానికెళ్లిందండి. ఇక్కడ సీటు రాలేదుగా. వాళ్లాయనేమో లారీ మీద పోతే నెలలో ఇరవై రోజులు ఇంట్లో ఉండడు. ఈవిడ రైలు దిగేసరికి సాయంత్రం ఆరు. పాపని ఎవరు చూస్తారండి?"

అప్పుడు నాకు అసలు సంగతి అర్థమైంది. మా బడిలో సాయంత్రం ఆరున్నర వరకు స్టడీ ఉంటుంది. పనికి వెళ్లే తల్లుల పిల్లల్ని అక్కడే కూర్చోబెట్టి చదివిస్తాం. ఆమెకు కావలసింది మా ఇంగ్లీషు చదువో మా పేరో కాదు. కూతుర్ని తన దగ్గర ఉంచుకోవడానికి ఆ రెండు గంటలు కావాలి. నేను డైరీలో మడిచి పెట్టింది ఒక కాగితాన్ని కాదు, తల్లీకూతుళ్ల కాపురాన్ని.

పక్కింటావిడ దగ్గర రేపల్లె గుర్తులు తీసుకుని అటునుంచి అటే స్టేషన్‌కి నడిచాను. తెనాలిలో దిగి రేపల్లె పాసింజరు పట్టుకున్నాను. కిటికీ పక్కన కూర్చుని దారి పొడుగునా ఏం చెప్పాలో మాటలు కూర్చుకున్నాను. రేపల్లెతో పట్టాలు అయిపోతాయి. నా మాటలు కూడా అక్కడికే అయిపోయాయి. ఇల్లు కనుక్కుని గుమ్మంలో నిలబడేసరికి ఒక్కటీ గుర్తురాలేదు.

మల్లేశ్వరి పాపకి తల దువ్వుతోంది. నన్ను చూసి గబుక్కున లేచి కుర్చీ వేసింది. నేను కూర్చోకుండానే జరిగింది చెప్పేశాను. ఆమె చేతిలో దువ్వెన అలాగే ఉండిపోయింది.

"అంటే ఆ రోజు మా పాప పేరు డబ్బాలో లేనే లేదాండి?"

"లేదమ్మా. తప్పు నాది. మా క్లర్కుది కూడా కాదు."

"నేను పది రోజులుగా నా రాత ఇంతే అనుకుంటన్నానండి." ఆమె గొంతు పెరిగింది. "ఆ పాసింజర్లో దీన్ని ఒళ్లో పెట్టుకుని తెనాలి నుంచి ఇక్కడి దాకా ఏడ్చుకుంటా వచ్చానండి. రాతా కాదు, ఏం కాదు. మీరు రాయకపోవడమా!"

నేను తల వంచుకున్నాను.

మల్లేశ్వరి వాళ్లమ్మ మంచినీళ్లు తెచ్చి ఇచ్చింది. కాసేపటికి ఆమె కాస్త తగ్గి అడిగింది. "అయితే ఇప్పుడు సీటు ఇస్తన్నారాండి?"

అదే కష్టమైన ప్రశ్న. ఇస్తున్నాను అనేయాలని నాలుక చివరిదాకా వచ్చింది. "లేదమ్మా. చీటీ తీసే అవకాశం ఇస్తున్నాను. ఆ రోజు మీకు రావాల్సింది అదే."

ఆమె నన్ను వింతగా చూసింది. "మళ్లీ చీటీయేనాండి?" అని నవ్వింది. కళ్లలో నీళ్లతోనే నవ్వింది. తర్వాత ఇంకో మాట అడిగింది. "మీరు రాకపోయినా నాకు తెలిసేది కాదుగా. ఎందుకొచ్చారండి ఇంత దూరం?"

"నాకు తెలుసు కదమ్మా," అన్నాను.

ఇంతసేపూ ఊరికే మమ్మల్ని చూస్తున్న హర్షిత తల్లి కొంగు లాగింది. "అమ్మా, ఈ మేడం ఏ బడి?"

శనివారం ఇరవై రెండు కుటుంబాలకూ కబురు పెట్టాం. పన్నెండు మంది వచ్చారు. నేను లేచి నిలబడి జరిగింది ఉన్నదున్నట్టు చెప్పాను. ముప్పై ఏళ్ల సర్వీసులో తల్లిదండ్రుల ముందు నా తప్పు ఒప్పుకోవడం అదే మొదలు.

సీటు వచ్చిన ఒకాయన ముందుగా లేచాడు. "మా బాబు సీటుకి ఢోకా లేదు కదాండి?"

"లేదండి. ఎవరిదీ కదలదు."

వెనక నుంచి ఇంకొకాయన గట్టిగా అడిగాడు. "ఇంకా ఎన్ని కాగితాలు మర్చిపోయారో మాకెలా తెలుస్తదండి?"

అడగవలసిన ప్రశ్నే. రిజిస్టరూ దరఖాస్తుల కట్టా బల్లమీద పెట్టి, "మీరే లెక్కపెట్టండి" అన్నాను. ఆయన, ఇంకో ఇద్దరు తల్లులు కూర్చుని ఒక్కొక్క పేరూ చదువుతూ సరిచూశారు. అరగంట పట్టింది. ఆ అరగంట నేను నిలబడే ఉన్నాను. "సరిపోయాయండి" అని ఆయన అన్నాక గదిలో గాలి కాస్త ఆడినట్టయింది.

మల్లేశ్వరి వచ్చి డబ్బాలో చెయ్యి పెట్టింది. కళ్లు మూసుకోలేదు, దణ్ణం పెట్టుకోలేదు. ఒక చీటీ తీసి నా చేతికిచ్చింది. విప్పాను. రెండు అంకె. వెయిటింగ్ లిస్టులో రెండో పేరు వెనక హర్షిత.

సీటు కాదు. అలాగని ఖాళీ చీటీ కూడా కాదు. మల్లేశ్వరి ఆ చీటీని తిప్పి తిప్పి చూసుకుని, "ఇది నా దగ్గర ఉంచుకోవచ్చాండి?" అంది. ఉంచుకోమన్నాను. వెళ్తూ గుమ్మం దగ్గర ఆగి, "రాకపోయినా ఇప్పుడు బాధ లేదండి" అని వెళ్లిపోయింది.

బడి తెరిచాక పది రోజుల్లో చేరనివాళ్ల సీటు వెయిటింగ్ లిస్టుకి వెళ్తుంది. అది మా నియమం. ఆ పది రోజులూ నేను ఒకటో తరగతి హాజరు పట్టీ తప్ప ఇంకేమీ సరిగా చూడలేదు. పదో రోజుకి ఇద్దరు రాలేదు. ఒక కుటుంబానికి బదిలీ అయింది, ఇంకొకరు వేరే బడిలో చేర్పించారు. మొదటి సీటు వెయిటింగ్ ఒకటో నంబరుకి వెళ్లింది. రెండో నంబరు వాళ్లకు నేనే ఫోన్ చేశాను.

"మేం చీరాల మారిపోయామండి. అక్కడే చేర్పించాం. మా పేరు తీసేయండి," అన్నాడు ఆ తండ్రి.

"ఆ మాట కాగితం మీద రాసి సంతకం పెట్టి పంపుతారాండి?"

"ఎందుకండి, చెప్తన్నాగా?"

"నాకు కాగితం కావాలండి. దయచేసి."

ఆయన నవ్వి, రాసి ఫొటో తీసి వాట్సాప్‌లో పంపాడు. దాన్ని ప్రింటు తీయించి, రిజిస్టర్లో అంటించి, పాస్టరు గారి చేతా ప్రకాశరావు గారి చేతా సంతకాలు పెట్టించి, అప్పుడు మల్లేశ్వరికి ఫోన్ చేశాను. ఆమె డ్యూటీలో ఉంది. అవతల ఒకటే చప్పుడు.

"ఏంటండీ? గట్టిగా చెప్పండి, వినపడట్లా!"

"సీటు వచ్చిందమ్మా! హర్షితకి సీటు వచ్చింది!"

తర్వాత ఆమె ఎవరికో అరిచి చెప్పడం వినిపించింది. వెంటనే నలుగురైదుగురు ఆడవాళ్ల గొంతులు ఒకేసారి లేచాయి. ఫోన్ పెట్టేయడం మర్చిపోయినట్టుంది. నేనూ పెట్టేయలేదు. అలాగే చెవికి ఆనించుకుని వింటూ కూర్చున్నాను. వారాల తరబడి గుండెల మీద ఉన్న బరువు దిగిపోయింది. ప్రకాశరావు గారికి చెప్పాను. బయటికెళ్లి మా అందరికీ టీ చెప్పి వచ్చారు.

ఈ వృత్తిలో నియమాలు రాయడం తేలికే. అవి నా చేతిలోని కాగితం దగ్గరే తప్పుతాయని అప్పుడు తెలిసింది. తప్పు దిద్దేటప్పుడు జాలిపడి ఇచ్చేది ఎంత తీయగా ఉన్నా అది వేరొకరి వాటాలోంచి తీసి ఇచ్చేదేనని కూడా తెలిసింది. ఆ మరుసటి ఏడు నుంచి మా పద్ధతి మారింది. దరఖాస్తు ఇచ్చిన మనిషి ఎదురుగా ఉండగానే రిజిస్టర్లో ఎక్కించి నంబరు చేతికిస్తాం. రైలు టైమైపోతుంటే ఆ రెండు నిమిషాలు నేనే లేచి రాస్తాను. లాటరీ రోజు ఒక్కొక్క పేరూ చదివి, చీటీ చూపించి, ఆ తల్లో తండ్రో "పడిందండి" అన్నాకే తర్వాతి పేరుకి వెళ్తాం. గంట ఎక్కువ పడుతుంది.

సీటు రానివాళ్లు ఇప్పటికీ దిగులుగానే వెళ్తారు. కానీ తమ బిడ్డ పేరు డబ్బాలో పడటం కళ్లారా చూసి వెళ్తారు.