బావ చేత బ్రేకులు విప్పించిన దసరా

ఈ వానాకాలం మోకాలి నొప్పి పుణ్యమా అని నేను కొన్నాళ్ళు ఇల్లు కదలలేదు, నాతోపాటు ఇంటి ముందు నిలబెట్టిన నా పాత కారూ కదలలేదు. మొన్న కాస్త ఎండ పొడవగానే బయటికి తీద్దామని కూర్చుని, హ్యాండ్‌బ్రేకు దించి, గేరు వేసి క్లచ్చి వదిలితే, బండి వెనక భాగం కుంగిందే తప్ప అంగుళం ముందుకు పోలేదు. కారణం నాకు వెంటనే తెలిసిపోయింది. వాననీళ్ళు వెనక చక్రాల్లోకి దిగాయి, నేనేమో బుద్ధి లేకుండా హ్యాండ్‌బ్రేకు గుంజి వదిలేశాను, ఇంకేముంది, చక్రం లోపలి బ్రేకు డ్రమ్మును పట్టి ఆపే బద్దలు తుప్పుతో దానికే అతుక్కుపోయాయి. పక్కింటి కుర్రాడు జాలిపడి, కంపెనీకి ఫోన్ చేస్తే లారీ మీద ఎక్కించుకుపోతారని సలహా చెప్పాడు. పటాన్‌చెరు ఫ్యాక్టరీ బండ్ల షెడ్డులో ఉద్యోగమంతా ఫిట్టరుగా చేసి దిగిపోయినవాణ్ణి, నాకా చెబుతున్నావు నాయనా అనుకుని, పీట తెచ్చుకుని, ముందు చక్రాలకు రాళ్ళు అడ్డం పెట్టి, జాకీ ఎత్తి, కింద మొద్దు దన్నుపెట్టి, చక్రం విప్పి, డ్రమ్ము చుట్టూ సుత్తితో తట్టుకుంటూ పోయాను. చివరికి డ్రమ్ము ఊడి చేతిలోకొచ్చింది. ఆ ఎర్రటి తుప్పూ నల్లటి దుమ్మూ కలిసిన వాసన ముక్కుకు తగలగానే మా బావ, అంటే మా అక్క భర్త, గుర్తొచ్చాడు. ప్రేమతో గుర్తొచ్చాడనుకునేరు. కాదు, కడుపు మండి గుర్తొచ్చాడు.

మాది సంగారెడ్డి బజారులో కిరాణా, ధాన్యం వ్యాపారం చేసుకునే కుటుంబం. మా ఇళ్ళలో మగపిల్లవాడు పుట్టాడంటే గల్లాపెట్టె దగ్గర కూర్చోవడానికే పుట్టాడని లెక్క. నాకేమో చిన్నప్పటినుంచీ తరాజు కంటే, సరుకు దించడానికి వచ్చిన లారీ బానెట్టు ఎత్తితే అందులో ఏముందో చూడటమే ఇష్టం. పటాన్‌చెరు వైపు ఫ్యాక్టరీలు ఒకదాని తర్వాత ఒకటి లేస్తున్న రోజులవి. కాంపౌండు గోడలు ఇంకా తడి ఆరలేదు, చుట్టూ జొన్నచేలు, ఎక్కడెక్కడివాళ్ళో బిహారు నుంచీ ఒరిస్సా నుంచీ దిగి హిందీలో కేకలు వేసుకుంటూ పనిచేసేవాళ్ళు. అందులో ఒక దాంట్లో నాకు ఫిట్టరు పని దొరికింది. మా నాయన కొన్నాళ్ళు నాతో మాట్లాడలేదు. నేను మాత్రం పొద్దున్నే కిక్కిరిసిన బస్సులో ఒంటికాలి మీద నిలబడి పోతూ కూడా, లోకంలో నా అంత సుఖపడేవాడు లేడనుకునేవాణ్ణి.

ఆ సుఖానికి తోడు ఒక సంబంధం కూడా కుదిరే దారిలో పడింది. సదాశివపేటలో బంధువుల పెళ్ళిలో ఒక అమ్మాయిని చూశాను, పంక్తిలో నా విస్తట్లో పప్పు వడ్డిస్తూ, చాలు చాలంటున్నా వినకుండా ఇంకో గరిటె వేసి నవ్వింది. ఆ నవ్వుతో నా పని అయిపోయింది. మా అమ్మకు చెప్పుకున్నాను, అమ్మ అటు కబురు పంపింది, అమ్మాయి తండ్రి నన్ను చూడటానికి వస్తానన్నాడు. మా ఇల్లు ఇరుకని బావ వాళ్ళింట్లో కూర్చోబెట్టారు. మా బావకు బజారులో పెద్ద దుకాణం, ఆ వాడకట్టులో ఆయన ఒక్కడికే కారు, సెకండ్‌హాండుదే అయినా కారు కారే కదా. అందరూ చాయ్ తాగుతున్నప్పుడు, నేను కప్పు అందుకోవడానికి చెయ్యి చాచగానే, మా బావ కాలు మీద కాలేసుకుని నవ్వుతూ అన్న మాట ఇప్పటికీ నా చెవుల్లో గింగుర్లు తిరుగుతుంది: "పిలగాడు బంగారమే గని, ఆ చేతులు సూడుర్రి జెర. గోళ్ళల్ల నూనె ఏ సబ్బుకు పోదు. అన్నం కలిపితే గ్రీజు వాసనొస్తది."

అందరూ పకపకా నవ్వారు. బావాబామ్మర్దుల పరాచకం కదా, నవ్వక ఏంచేస్తారు? అమ్మాయి తండ్రి మాత్రం నవ్వలేదు, నా చేతుల వంక ఒకసారి చూసి కప్పు కింద పెట్టాడు. తర్వాత కబురు లేదు. నెల తిరక్కుండానే అదే అమ్మాయిని బావ తమ్ముడికి, ఆ గల్లాపెట్టె దగ్గర ఈగలు తోలుకునే తమ్ముడికి ఖాయం చేసుకున్నారని తెలిసింది. మా అక్క నాకు చెప్పలేక చెప్పి కొంగు నోట్లో కుక్కుకుంది. ఓరి నీ ఇల్లు బంగారంగానూ, అది పరాచకం కాదు, బేరం! ఆ పూట నేను అన్నం ముందు కూర్చుని నా గోళ్ళు చూసుకుని, ఈ మనిషి చేతులు కూడా ఇట్లాగే నల్లబడాలి, అదే పిల్ల తండ్రి వాటిని చూడాలి అని ఒట్టు పెట్టుకున్నాను. దేవుడు కోపిష్ఠివాళ్ళ ప్రార్థనలు తొందరగా వింటాడేమో, దసరాకే విన్నాడు.

మన వయసువాళ్ళకు ఆయుధపూజ సంగతి చెప్పనక్కర్లేదు. ఫ్యాక్టరీలో ఆ రోజు మిషన్లకు బంతిపూల దండలు, జీపులకు పసుపు బొట్లు, ఓనరు కారు దిగివచ్చి గుమ్మడికాయ కొట్టడం, మన హిందీ తమ్ముళ్ళు మనకంటే భక్తిగా స్పానర్లకు బొట్లు పెట్టడం, ఎంత సందడిగా ఉండేది! పూజలో పెట్టిన పనిముట్టును మళ్ళీ తీసేదాకా ఎవరూ ముట్టేవారు కాదు. బావ కూడా కారును పండుగకు ముందే బిందెల కొద్దీ నీళ్ళు చక్రాల్లోకి కొట్టి కడిగించి, పూజ చేయించి, నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు పెట్టించాడు. ఆయన వాకిలి వాలుగా ఉంటుంది, బండి జారి ముహూర్తానికి ముందే నిమ్మకాయ చితికితే అశుభమని, బలమంతా పెట్టి హ్యాండ్‌బ్రేకు గుంజి అట్లాగే వదిలేశాడు. తడిసిన డ్రమ్ములను బద్దలు కరిచి పట్టుకున్నాయి. పండుగనాడు పొద్దున్నే తమ్ముడి నిశ్చితార్థానికి సదాశివపేట పోవాలి, పళ్ళేలు సర్దారు, ఆడవాళ్ళు పట్టుచీరలు కట్టారు, బావ మల్లెపువ్వులాంటి లాల్చీ వేసుకుని, హ్యాండ్‌బ్రేకు దించి బండి స్టార్టు చేశాడు. ఇంజను ఊరంతా వినబడేట్టు అరిచింది, వెనక చక్రాల కింది నిమ్మకాయలు మాత్రం చెక్కుచెదరలేదు.

ఏ మెకానిక్కూ ఆ రోజు పానా ముట్టడు, కిరాయి బండ్లవాళ్ళంతా పూజల్లో ఉన్నారు. పన్నెండు దాటితే వర్జ్యమట. నాకు మనిషిని పంపారు. పోయాను, పోకుండా ఉంటానా? అరుగు మీద కూర్చుని, అక్క పెట్టిన గారెలు ముందేసుకుని, తీరిగ్గా చెప్పాను: "నా సామాను పూజల ఉన్నది బావా. ఫిట్టరుకు చెయ్యి గూడ పనిముట్టే, దానిక్కూడ బొట్టు పెట్టుకున్న. ఇయ్యాల ముట్ట." బావ పళ్ళు కొరికాడు, కానీ ఆయన తల్లే నా పక్షాన నిలబడి, "అవును బిడ్డా, పూజ జేసినంక ముడితే పాపం" అంది. డిక్కీలో కారుతో వచ్చిన జాకీ, వీల్‌పానా, సుత్తి ఉన్నాయి, వాటికి బొట్టు పెట్టాలని ఎవరికీ తోచలేదు కనుక వాటిని ముడితే పాపం లేదు. ఇక మిగిలింది బావ చేతులే. "నువ్వే ఇప్పు బావా, నేను జెప్త" అన్నాను.

ఆహా, ఏం చెప్పమంటారు ఆ పూట వైభోగం! నేను గారె కొరుకుతూ ముందు హ్యాండ్‌బ్రేకు పూర్తిగా దిగిందా చూడు అంటే చూశాడు, రాళ్ళు పెట్టు అంటే పెట్టాడు, పడుకో అంటే ఆ లాల్చీతోనే నేలమీద పడుకున్నాడు. డ్రమ్ము అంచు చుట్టూ సమానంగా తట్టాలి, ఒకచోటే బాదితే పగులుతుంది అని చెప్పి, ఒక చక్రం ఊడాక రెండోది కూడా విప్పించాను. గరుకు కాగితంతో తుప్పు గీకించాను, గీకింది చాలదని మళ్ళీ గీకించాను, దుమ్మును ఊదకుండా తడిగుడ్డతో తుడిపించాను. పనిలో మాత్రం మోసం చెయ్యలేదు, మా అక్క ఎక్కే బండి అది. బిగించి లేచేసరికి ఆయన మోచేతుల దాకా నలుపు, గోళ్ళ నిండా నూనె. సబ్బుకు టైము లేదు. నిమ్మకాయలు చితికాయి, బండి వెళ్ళిపోయింది. పోరా పో, ఆ చేతులతో తాంబూలం అందుకో, అని నేను ఇంకో గారె తీసుకున్నాను.

మర్నాడు అక్క వచ్చి చెప్పిన సంగతి విన్నాక ఆ గారెలన్నీ కడుపులో రాళ్ళయ్యాయి. అమ్మాయి తండ్రి బావ చేతులు చూసి ఇదేమిటని అడిగాడట. బండి మొరాయిస్తే నేనే విప్పి బాగుచేసుకుని వచ్చానని బావ ఛాతీ విరుచుకుని చెప్పాడట. ఆ పెద్దమనిషి మురిసిపోయి, ఇంత ఆస్తి ఉండీ పనికి సిగ్గుపడని ఇల్లు, మా పిల్ల సుఖపడుతుంది అని అందరి ముందూ ఆ నల్లటి చేతులే పట్టుకున్నాడట. నా చేతికంటితే కంపు, ఆయన చేతికంటితే పనితనం! నేను మా వాకిట్లో నిలబడి గోడకు ఎన్నిసార్లు తన్నానో గుర్తులేదు.

తర్వాత నాకూ పెళ్ళయింది, నా భార్య నా చేతులను ఎప్పుడూ తప్పుపట్టలేదు, ఆ విషయంలో నాకు లోటు లేదు. కానీ ప్రతి దసరాకూ జమ్మి ఆకు చేతిలో పెట్టి బావను కౌగలించుకున్నప్పుడల్లా, ఈ మనిషికి ఒకనాడు ఎదురుగా నిలబడి చెప్పాలి అనుకుంటూనే ఉన్నాను. మొన్న నా కారు బాగయ్యాక, బ్రేకులు పరీక్షించినట్టూ ఉంటుందని తిన్నగా కంది ఊరి మీదుగా సంగారెడ్డి పోయాను. బావకు ఒళ్ళు తగ్గింది గానీ బుర్ర బంగారం. కూర్చుని అంతా చెప్పేశాను. నా సంబంధం నువ్వే చెడగొట్టావు, అందుకే పగబట్టి ఆ రోజు నిన్ను నేలమీద పొర్లించాను, పూజా లేదు పాడూ లేదు అన్నాను. ఆయనకు నిమ్మకాయలు గుర్తున్నాయి, లాల్చీ గుర్తుంది, ఏ నట్టు తిరగక సతాయించిందో కూడా గుర్తుంది. మనవళ్ళకు ఆ కథ చెబుతుంటాడట, మా బామ్మర్ది నాకు పని నేర్పిండు అని. ఆనాడు నా చేతుల గురించి ఆయన అన్న మాట ఎత్తేసరికి మాత్రం ఆయన మొహం తెల్లబోయింది. "నేను గట్లన్ననా?" అన్నాడు.

నటన కాదు, నిజంగానే గుర్తులేదు. ఈ రోజుల్లో పిల్లలకు ఎవరి మీదైనా కోపం వస్తే ఫోన్లో నంబరు ఆపేస్తారు, అంతటితో సరి, పెళ్ళిళ్ళలో కూడా ఎదురుపడరు. మా రోజుల్లో పగవాడి పక్కనే విస్తరి వేసేవారు, పండక్కి వాణ్ణే కౌగలించుకోవాల్సి వచ్చేది. అందుకే మా పగలు ఇంతకాలం బతికాయి. కానీ పగ బతకాలంటే అవతలివాడికీ అది గుర్తుండాలి కదా. ఇన్నేళ్ళూ మేమిద్దరం మోస్తున్నామనుకున్న బరువును నేనొక్కణ్ణే మోశానని ఆ కుర్చీలో కూర్చున్నప్పుడు తెలిసింది. బావ నా భుజం మీద చెయ్యి వేసి, అన్నం తిని పొమ్మన్నాడు. తిన్నాను. కోపంతోనే తిన్నాను.