పేరంటం ఫోటో

ఈ పరాయి దేశంలో మేముండే ఆడమ్స్‌టౌన్‌లో మా పక్క ఫ్లాట్‌లో ఒక రచయిత్రి ఉంటోంది. వాళ్ళ దేశాన్ని ఏలే నియంత మీద పుస్తకం రాసి, అరెస్టు తప్పదని తెలిసి పారిపోయి వచ్చింది. తనెక్కడున్నదీ అక్కడివాళ్ళకు తెలిస్తే ముందు వాళ్ళమ్మ జోలికి వెళ్తారని ఆమె భయం. అమ్మకు కూడా ఏ దేశమో చెప్పలేదు. ప్రతి ఆదివారం ఫోన్ చేసి, వంటల గురించి, మోకాళ్ళ నొప్పుల గురించి మాట్లాడి పెట్టేస్తుంది.

శ్రావణ శుక్రవారం ఆమెను పేరంటానికి పిలిచాను. ఇంటికొచ్చిన ఆడమనిషిని బొట్టు పెట్టకుండా పంపడం మనకు చేతకాదు కదా. కుంకుమ పెట్టి శనగలు చేతిలో పోస్తే, అద్దంలో చూసుకుని చిన్నపిల్లలా నవ్వింది. ఆమె నవ్వగా చూడడం నాకదే మొదటిసారి.

"ఫోటోలు మాత్రం వద్దు ఆంటీ, ఆ రచయిత్రికి ప్రమాదం" అని మా ఆంటీకి ముందే చెప్పాను. ఇక్కడి తెలుగువాళ్ళందరికీ ఆంటీయే పెద్దదిక్కు. కానీ ఫేస్‌బుక్‌లో ఫోటో పడకపోతే వ్రతఫలం దక్కదని ఆవిడ నమ్మకం. అమ్మవారిని తీస్తున్నట్టే తీసి, ఊరి పేరుతో సహా మమ్మల్నందరినీ ఎక్కించేసింది.

సాయంత్రం అది చూడగానే ఆంటీకి ఫోన్ చేసి అరిచాను.

"అమ్మవారి ఫోటోయే కదమ్మా! ఆ పిల్ల ఎక్కడో వెనకాల ఉంది. అంతా గ్రాండ్, ఏం కాదు, ఊరికే టెన్షన్ పడకు" అంటూనే తీసేసింది.

పక్కింటికి వెళ్ళి జరిగింది చెప్పాను. ఆమె వింటూనే లేచి కిటికీ తెరలు వేసింది. తిట్టినా బాగుండేదనిపించింది. మర్నాడు నేను పనిచేసే హాస్పిటల్లో పేషెంట్లు ఏం చెబుతున్నారో కూడా నా బుర్రకెక్కలేదు.

ఆదివారం ఫోన్ చేస్తూ నన్ను పక్కన కూర్చోమంది. వాళ్ళమ్మ ఎత్తింది. భాష తెలియకపోయినా గొంతు మామూలుగానే ఉందని తెలిసింది. పెద్దావిడ నవ్వడం కూడా వినిపించింది. హమ్మయ్య, అనుకున్నాను. ఫోన్ పెట్టేశాక ఆమె తన నుదురు తడుముకుంటూ ఉండిపోయింది.

"ఏమన్నారు?" అని అడిగాను.

"ఎర్రబొట్టు నాకు బాగుందంది. కాస్త చిక్కానంది."

"మీ అమ్మగారికి ఫేస్‌బుక్ ఉందా?"

"లేదు. ఇద్దరు ఆఫీసర్లు ఇంటికొచ్చి చూపించారట. నన్ను చూసిన సంతోషంలో వాళ్ళకు టీ కూడా ఇచ్చిందట. టీ బాగుంది, మళ్ళీ వస్తామన్నారట."