ఎర్ర మూత బాటిల్

మా సారు పోయారని మొన్న పొద్దున ఆఫీసు వాట్సాప్ గ్రూపులో వచ్చింది. దాని కింద వరుసగా చేతులు జోడించిన బొమ్మలు. నేనూ ఒకటి పెట్టాను. తర్వాత ఫోను బోర్లా పెట్టి, ఒకప్పుడు ఆయన కూర్చున్న కుర్చీలోనే చాలాసేపు కూర్చున్నాను. ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. పోయిన మనిషి మీద కోపం పెట్టుకోకూడదంటారు. మరి ఎవరి మీద పెట్టుకోవాలో మాత్రం ఎవరూ చెప్పరు.

కర్నూలులో మా ఆఫీసు పని చుట్టుపక్కల ఊళ్ళ గాలినీ నీళ్ళనీ పట్టి పరీక్ష చేయడం. ఆ టీముకు చాలా ఏళ్ళు ఆయనే పెద్ద. ఈ ఏడు ఆయన రిటైరయ్యాక నేను. కాంట్రాక్టు మీద చేరిన మొదటి వారంలో నన్ను తుంగభద్ర ఒడ్డుకు తీసుకుపోయారు. ప్యాంటు మోకాళ్ళ దాకా మడుచుకుని ఆయన నీళ్ళలో దిగితే, నేను గట్టు మీదే నిలబడ్డాను.

"ఏమ్మా, ఆడే నిలబడి చూస్తాండావు. నది నీ కాడికి నడిచొస్తాదా?" అన్నారు. చెప్పులు విడిచి దిగాను.

ఆ రోజు నేర్పిందే నా బతుకుతెరువు. మామూలు బాటిల్‌ను అదే నీళ్ళతో మూడుసార్లు కడిగి, నాలుగోసారి నింపాలి. ఎర్ర మూత బాటిల్‌ను మాత్రం అస్సలు కడగకూడదు. అందులో ముందే కొన్ని చుక్కల యాసిడ్ వేసి ఉంటుంది. నీళ్ళలో సీసంలాంటి లోహం ఉంటే, అది బాటిల్ గోడకు పట్టుకుపోకుండా ఆ యాసిడ్ కాపాడుతుంది.

"కడిగి పారబోసినావనుకో, సీసం గోడకు కరుచుకుంటాది, మనకు లెక్క తక్కువొస్తాది. చెడ్డ నీళ్ళను మంచివని రాసిచ్చినోళ్ళమవుతాం. ఎర్ర మూత చూస్తే చేతికి భయముండల్ల" అన్నారు.

చీటీ మీద పెన్సిలుతోనే రాయించేవారు, తడికి ఇంకు కారిపోతుందని. ఫ్యాక్టరీల్లో టీ ముట్టనిచ్చేవారు కాదు. "ఈళ్ళ టీ తాగితే మన రిపోర్టు తియ్యగొస్తాదమ్మా" అని నవ్వేవారు. దార్లో ఎక్కడో బండి ఆపించి, బొరుగుల ఉగ్గాని, బజ్జీలు కట్టించుకుని, జీపు నీడలో కూర్చుని తినేవాళ్ళం. బజ్జీలో మిరపకాయ నాకిచ్చి, పైన పిండి ఆయన తినేవారు. కడుపులో మంటట. మా అమ్మ పెద్దాసుపత్రిలో ఉన్నప్పుడు రోజూ సాయంత్రం వచ్చి, మంచం పక్కన ఊరికే కూర్చుని పోయేవారు. ఇవేవీ అబద్ధం కాదు. అబద్ధమైతే నాకింత బాధ ఉండేది కాదు.

కొన్నేళ్ళ కిందట ఒక పల్లె బోరులో నీళ్ళు పట్టాను. ఆ ఊరి పక్కనే పాత బ్యాటరీలు కరిగించే ఫ్యాక్టరీ ఒకటి ఉండేది. ఫలితంలో సీసం ఉండాల్సినదానికంటే చాలా ఎక్కువ వచ్చింది. సారు ఆ కాగితం రెండుసార్లు చదివారు. మూడో రోజు ఎవరెవరో ఫోన్లు చేశారు. నాలుగో రోజు నన్ను పిలిచి, తలుపు దగ్గరికి వేయమన్నారు.

"ఎర్ర మూత బాటిల్ కడిగినానని నాలుగు మాటలు రాసియ్యమ్మా. శాంపిలే తప్పని తీసేద్దాం. నేనుండా గదా, నీకేం కాదు."

నాకు అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. "సార్, కడిగుంటే లెక్క తగ్గల్ల గదా. పెరిగిందే?"

ఆయన నా వైపు చూడలేదు. "అది నీకూ నాకూ తెలుసు. పైనోళ్ళకు తెలీదు."

నా కాంట్రాక్టు పొడిగించే కాగితం అప్పుడు ఆయన బల్ల మీదే ఉంది. దాని మాట ఆయన ఎత్తలేదు, ఎత్తాల్సిన పనీ లేదు. నేను రాసిచ్చాను. చేయని తప్పు, అదీ ఆ బాటిల్‌తోనే చేశానని, నా చేత్తో రాసి సంతకం పెట్టాను. మళ్ళీ శాంపిల్ పట్టడానికి సారే స్వయంగా పోయారు. బోరు దగ్గరికి పోలేదట. నది నీళ్ళొచ్చే పంచాయతీ ట్యాంకు కింద పట్టుకొచ్చారని డ్రైవరు చెప్పాడు. ఆ ఊరి నీళ్ళు మంచివేనని రిపోర్టు పోయింది. ఆఫీసులో కొన్నాళ్ళు నన్ను చూసి "మూత జాగ్రత్తమ్మా" అనేవాళ్ళు. సారు విని కూడా ఫైలు తిప్పుకునేవారు.

నిన్న డ్రైవరుతో కలిసి బద్వేలు పోయాను, వాళ్ళింటికి. సారు భార్య నా చేయి పట్టుకుని దగ్గర కూర్చోబెట్టుకుంది.

"నీ మాట ఎప్పుడూ చెప్తాండె పాపా. ఎర్ర మూత బాటిల్ పట్టే పద్ధతి నీకు తెలిసినట్టు ఇంకెవురికీ తెలీదని. ఆ పాప చేతికి తప్పు రాదని."

ఆ రోజు తెలిసే చేయించినా, పోనుపోను ఆయన కూడా ఆ అబద్ధాన్ని నమ్మేశారేమో అని ఇన్నేళ్ళూ సర్దిచెప్పుకునేదాన్ని. నమ్మలేదన్నమాట. ఇంట్లో అన్నం ముందు కూర్చుని నిజం చెప్పుకున్నారు, ఆఫీసులో నా మెడకు అబద్ధం కట్టారు. తల ఊపి లేచాను.

తిరిగొచ్చేటప్పుడు బండి ఆ పల్లెకు తిప్పమన్నాను. డ్రైవరు నా మొహం చూసి తిప్పాడు. బోరు పక్కింటి మాబమ్మ మోటారు వేసి బిందె పడుతోంది. ఆ రోజు నేను శాంపిల్ పడుతుంటే గొడుగు పట్టుకుని నిలబడింది ఆమే. గుర్తుపట్టింది.

"మీ పెద్దసారు పోయినాడంటనే? శానా మంచాయప్ప. మా నీళ్ళు మంచివని కాగితం రాయిచ్చినాడు. ఆ పొద్దు నుంచి భయం లేకుండా తాగుతాండాం."

"మాబమ్మా, ఇవి తాగొద్దండి. మొదట నేను పట్టిన లెక్కే నిజం. ఇందులో సీసం ఉంది. రేపే మళ్ళీ వచ్చి పడతాను, ఈసారి ఎవరూ కొట్టేయకుండా చూస్తాను."

ఆమె బిందె వైపు చూసింది, తర్వాత నా వైపు. "ఈ సంగతి ఎవురెవురికి తెలుసు?"

"సారుకు తెలుసు. నాకు తెలుసు."

"సారు చెప్పల్యా, సరే. పెద్దోడు, ఆయప్పకు ఏం కట్టమొచ్చిందో." మాబమ్మ గొంతు పెంచలేదు. "మల్ల నువ్వు యాల చెప్పలేదమ్మా?"

బిందె నిండి పొర్లింది. నీళ్ళు ఆమె పాదాల మీదుగా నా చెప్పుల కిందికి వచ్చాయి. ఆమె స్విచ్చి ఆపలేదు. బిందె ఎత్తుకోనూ లేదు, పారబోయనూ లేదు.