పరిశీలింపబడుచున్న కుళాయి

మా చెల్లెలి భర్త నీటి సరఫరా కార్యాలయంలో ఫిర్యాదుల గుమాస్తాగా ఉండేవారు. ఆయన పందొమ్మిదేళ్ళ ఉద్యోగమంతా ఒక్క వాక్యంలో ఇమిడిపోతుంది: “మీ ఫిర్యాదు పరిశీలింపబడుచున్నది.” పరిశీలించేది ఎవరో ఆ వాక్యం చెప్పదు. కర్మణి ప్రయోగంలోని సౌకర్యమే అది. పని ఉంటుంది, చేసేవాడు ఉండడు. ఆ కార్యాలయంలో పని కూడా లేదు గనుక ఆ ప్రయోగం అక్కడ మరీ చక్కగా అమరింది. తోటి గుమాస్తాలు ఆయనను ముద్దుగా ‘బడుగారు’ అని పిలిచేవారు.

బడుగారికి తరచుగా గుండె పట్టేసినట్లుండేది. వైద్యుడు పరీక్షలన్నీ చేయించి, గుండె నిక్షేపంలా ఉందన్నాడు. “ఆఫీసులో మీరేం చేస్తుంటారు?” అని అడిగాడు. ఎంత ఆలోచించినా ఈయనకు జవాబు తోచలేదు.

ఉద్యోగంలో చేరిన పందొమ్మిదో ఏట ఒక ముసలావిడ దగ్గరినుంచి పన్నెండో ఉత్తరం వచ్చింది. వంటింటి కుళాయి ఆగకుండా కారుతోందట. మొదటి పదకొండింటికీ మామూలు జవాబే వెళ్ళింది. ఈసారి ఆవిడ, “నాయనా, ఆ పరిశీలించేవాణ్ణి ఒక్కసారి పంపించు. వాడెలా ఉంటాడో చూస్తాను” అని రాసింది.

ఆ సాయంత్రం బడుగారు ఆవిడ ఇల్లు వెతుక్కుంటూ వెళ్ళారు. కుళాయి విప్పి చూస్తే లోపలి రబ్బరు వాషరు అరిగిపోయి కాగితంలా ఉంది. వీధి చివరి దుకాణంలో కొత్తది తెచ్చి బిగించారు. పావుగంట పని.

“ఇంతేనా!” అంది ముసలావిడ.

“ఇంతేనండీ.”

“ఈమాత్రానికి నాచేత పన్నెండు ఉత్తరాలు రాయించావా! చెయ్యి పడిపోయింది కదయ్యా!”

ఇంటికి వచ్చి ఈ సంగతి చెబితే మా చెల్లెలు ముక్కున వేలేసుకుంది. “మన స్నానాలగదిలో కుళాయి పెళ్ళైనప్పటినుంచీ కారుతోంది. మీరు ఊళ్ళోవాళ్ళది బాగుచేసి వచ్చారా?”

ఆయన చొక్కా చేతులు మడుచుకుని స్నానాలగదిలోకి నడిచారు.

ముసలావిడ కృతజ్ఞతతో పదమూడో ఉత్తరం రాసింది. కొంప ముంచినది అదే. వారం తిరక్కుండా సంజాయిషీ నోటీసు వచ్చింది: “అనుమతి లేకుండా ఫిర్యాదు పరిష్కరింపబడినట్లు తెలియవచ్చినది. ఎవరి చేత?” ఆ కార్యాలయం కర్త కోసం వెదకడం అదే మొదలు.

సూపరింటెండెంటు చెడ్డవాడు కాదు. “కూర్చోవయ్యా. వచ్చేనెల నేను రిటైరవుతున్నా, ఈ కుర్చీ నీదే. చేజేతులా పాడుచేసుకోకు. ‘కుళాయి దానంతట అదే బాగుపడినది’ అని రాసి సంతకం పెట్టు.”

“దానంతట అదే ఎలా బాగుపడుతుందండీ?”

“ఇన్నేళ్ళూ ఫిర్యాదులు వాటంతట అవే పరిశీలింపబడలేదూ? అలాగే!”

ఆ తర్కంలో బడుగారికి తప్పు దొరకలేదు. తెల్లకాగితం పట్టుకుని ఇంటికి వచ్చారు.

“ఇంతకీ ఆ కుర్చీ మీకు కావాలా?” అంది మా చెల్లెలు.

“పిల్ల చదువు ఉంది కదే.”

“నేనడిగింది కుర్చీ సంగతి.”

“అందులో కూర్చుని ఏం చెయ్యాలో నాకు తెలీదు.”

“కుళాయి బాగుచేసిన రోజు మారు వడ్డించమని అడిగారు. ఎన్నేళ్ళయిందో మీరలా అడిగి! నా ఉద్యోగం ఉందిగా, ఒక ఏడాది ఎలాగో ఈదుదాం. మీకు తోచింది రాయండి.”

మర్నాడు సంజాయిషీలో ఒకే వాక్యం ఉంది: “కుళాయిని నేను బాగుచేశాను.”

సూపరింటెండెంటు కళ్ళద్దాలు సవరించుకున్నాడు. “ఈ ‘నేను’ ఎవరయ్యా?”

“నేనేనండీ.”

“ఆఫీసులో ‘నేను’లు ఉండవు.”

“అందుకేనండీ” అంటూ బడుగారు రాజీనామా కాగితం ముందుకు జరిపారు. అది ఏడు నెలలు పరిశీలింపబడినది.

ఇప్పుడాయన పనిముట్ల సంచి పుచ్చుకుని ఇళ్ళవెంట తిరుగుతున్నారు. ఈ పని సుఖమని నేను చెప్పను. మోకాళ్ళ నొప్పులు, చొక్కాలన్నిటికీ తుప్పు మరకలు. మొన్న నేను వాళ్ళింట్లో ఉండగా చెమటలు కక్కుకుంటూ వచ్చారు. ఆయన బిగించిన గొట్టం మళ్ళీ కారిందని ఒక ఇల్లాలు గుమ్మంలోనే దులిపేసిందట.

“వదినా, నన్ను తిట్టింది!” అన్నారు, ముఖం వెలిగిపోతుండగా. “డిపార్టుమెంటును కాదు, నన్నే!”

మంచినీళ్ళు తాగి, సరైన కొలత వాషరు ఏరుకుని, వెంటనే ఆవిడ ఇంటికే బయలుదేరారు.